గాలం కర్రకో గొట్టం

తాత చేతులు వణుకుతున్నాయి. ఇక తన వెదురు గాలం కర్ర నాదేనన్నాడు. ఆరడుగుల ఆ కర్ర కొస చిటికెన వేలుకన్నా సన్నం. బస్సు జనంలో ఎవరి మోకాలు తగిలినా పుటుక్కుమంటుంది.

కొట్లో అమ్మే సంచి మెత్తన, ఖరీదు మాత్రం గట్టిది! నీళ్ళు పడతాయన్న నమ్మకంతో నాన్న అప్పుచేసి ముందే తెచ్చిన పీవీసీ పైపులు పెరట్లో పడున్నాయి. బోరు పడలేదు. ఆ 63 మిల్లీమీటర్ల పైపునే కర్రకన్నా జానెడు ఎక్కువగా కోశాను. బోలు గొట్టంలో పదార్థమంతా అంచునే ఉంటుంది గనుక, తక్కువ బరువుతోనే వంగకుండా నిలుస్తుంది. ఒక మూత సొల్యూషన్‌తో అతికించి లోపల పాతగుడ్డ కుక్కాను. రెండోది ఊడదీసేలా వదిలాను. మూతలకు చిల్లులు తప్పనిసరి సుమండీ, తడి నిలిస్తే వెదురు బూజు పడుతుంది.

నాన్న గొట్టాన్ని తట్టి చూశాడు. "పోన్లే, ఒక ముక్కయినా పనికొచ్చింది" అన్నాడు.