నార చుట్టు యంత్రము

నూలు చుట్టుట మనకు క్రొత్తవిద్య గాదు. రాట్నము, కదురు, కండె ఎఱుగనివారు తెలుగునాట నెందఱు? నల్గొండ ప్రాంతమువారగు చింతకింది మల్లేశము గారు, ఒక్కొక్క చీరకు వేలకొలది పర్యాయములు చేయి త్రిప్పుచు ఆసుపోయు తల్లి భుజబాధను చూడజాలక, 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించెను. అయినను మనలో చదువుకొన్నవారు ఇట్టి యంత్రములను దూరమునుండి మెచ్చుకొందురే కాని, స్వయముగా స్పానరు పట్టుట తమ పని కాదనుకొందురు.

మేము చుట్టదలచినది నూలు గాదు, గాజునార. కరగిన గాజునుండి వెండ్రుకకంటె సన్నముగా తీసిన పోగుల పేటను ఎపాక్సీ యను జిగురులో తడిపి, తిరుగుచున్న నున్నని అచ్చుగొట్టముపై చుట్టి, గట్టిపడిన పిమ్మట అచ్చును లాగివేసినచో, తేలికయైన దృఢమైన గొట్టము మిగులును. మా పాఠశాలలో చంకకర్రలతో నడచు బాలుడొకడు కలడు. ఆ కర్రల బరువే వాని నడకకు సగము కష్టము. మే మీ పనికి పూనుకొనుటకు కారణమదియే.

యంత్రమున ముఖ్యాంగములు రెండే. ఒక మోటారు అచ్చును త్రిప్పును. రెండవది నారను మోయు బండిని అటునిటు నడపును. ఈ రెంటి వేగముల నిష్పత్తిని బట్టి నార వాలు ఏర్పడును. నీరు నిండిన గొట్టమునకైనచో అక్షముతో సుమారు 54.7 డిగ్రీల వాలు తగును; లోపలి యొత్తిడి నిడివివైపుకంటె చుట్టువైపున రెండింతలు లాగును గదా. చంకకర్ర పని వేఱు. అది మనుష్యుని భారమును నిలువున మోయవలెను, వంగరాదు. కావున 20 డిగ్రీల వాలు నేర్పఱచుకొంటిమి. 25 మిల్లీమీటర్ల అచ్చునకు చుట్టుకొలత 78.5, దానిని 20 డిగ్రీల టాంజెంటగు 0.364చే భాగింపగా, అచ్చు ఒక్క చుట్టు తిరుగులోపల బండి 216 మిల్లీమీటర్లు నడవవలెనని తేలినది. పదవ తరగతి బాలికలు దీనిని నల్లబల్లపై సాధించిరి. పరీక్షకై గాక పనికై వేసిన లెక్క వారి కదియే మొదటిది.

లెక్కకు లొంగనివి కొనలు. బండి వెనుకకు మరలునపుడు, వాలు తక్కువైన నార జారిపోవును. రెండు కొనలను మేకుల వలయములు బిగించి, నారను వానికి తగిలించి త్రిప్పితిమి. బిగువు మాట మఱియొకటి. చూడవచ్చిన యొక విద్యార్థి తల్లి, మగ్గమెఱిగిన యామె, జిగురులో మునుగని చోట పోగును వ్రేలితో మీటి, "పంతులుగారూ, పోగు వదులుగా వస్తున్నది. కండెకు కొంచెం బరువు కట్టించండి" అనెను. కట్టించితిమి. నాటినుండి ఆమె వచ్చి మీటి చూచినగాని బాలురు యంత్రమును నడపరు.

ఆమెకు మా గదిలో కుర్చీ వేయగా, ఒక పెద్దమనిషి ముఖము చిట్లించి, పిల్లలచే మేస్త్రీపని చేయింతురా యని మమ్మడిగెను. బండికి పండ్లపట్టీ బిగించినది ఆయన కుమార్తెయే యని మేము చెప్పలేదు. ఆ బాలికయే చెప్పినది.

తొలి గొట్టము మీటరు నిడివి, 2 మిల్లీమీటర్ల మందము. తూచగా 320 గ్రాములు. ఆ కొలతల ఇనుపగొట్టము 1330 గ్రాములుండును. అయినను గాజునారకు ఇనుమంత బిఱుసు లేదు; త్వరగా వంగును. కావున రెండవదానిని 3 మిల్లీమీటర్ల మందమున చుట్టితిమి. దానిని నిలువుగా నిలిపి, తలపై బాలుని బరువునకు మూడింతల ఇసుకమూటలుంచి, నెలదినములు చూచినగాని వాని కీయరాదని నిశ్చయించితిమి. ఇది పదునొకండవ దినము.