తింటలేడు టీచర్!

తెలంగాణ పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌గా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. "ఏం పెట్టినా మూతి తిప్పుకుంటడు టీచర్, ఒక్క ముద్ద దిగుత లేదు." ఆ మాట విన్నాక నేను అన్నం ఊసెత్తను. ముందు బిడ్డను తూకం మీద నిలబెడతాను. బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించి, గడిచిన నెలల ఎదుగుదల గీత తల్లికి చూపిస్తాను. గీత పైకి పోతుంటే, బిడ్డ హుషారుగా ఆడుకుంటుంటే, చాలావరకు వాడికి కావలసినంత వాడు తింటున్నట్టే.

తల్లులు దీన్ని ఒక పట్టాన నమ్మరు. అందుకే లెక్క చెబుతాను. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతాడు. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. దానికి తోడు రెండేళ్లు దాటాక కొత్త తిండిని చూస్తే జంకు మొదలవుతుంది. నిన్నమొన్నటి దాకా తిన్న పాలకూర పప్పులో ఆకు కనబడితే చాలు, వేళ్లతో ఏరి పక్కన పెడతాడు. ఆ వయసు పిల్లల తీరే అంత. దానికి మొండివాడని పేరు పెడితే నాకు బాధగా ఉంటుంది.

గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా మాత్రం బుజ్జగింపులతో రోజులు గడపను. పట్టీతో దండచేయి చుట్టుకొలత చూస్తాను. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపున్న బిడ్డకు అది పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే వెంటనే ఆసుపత్రికి పంపాల్సిందే. రక్తం తక్కువైనా, కడుపులో నులిపురుగులున్నా ఆకలి చచ్చిపోతుంది. అలాంటి బిడ్డకు కావలసింది వైద్యం. కథలు చెప్పి ఎన్ని ముద్దలు పెట్టినా రోగం అలాగే ఉంటుంది.

ఆరోగ్యంగానే ఉన్నాడని తేలాక, బిడ్డ లేచింది మొదలు నోట్లోకి ఏమేం పోయిందో చెప్పమంటాను. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. లేవగానే చాయ్, అందులో ముంచిన బిస్కెట్లు. పదింటికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. మళ్లీ ఏడిస్తే ఇంకొకటి. పన్నెండింటికి అన్నం కలిపితే వాడికి ఆకలెక్కడిది? తిండితో పాటు తాగే చాయ్, ఆ తిండిలోని ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు.

తర్వాత ఎలా పెడుతున్నారని అడుగుతాను. ఫోన్ చూపించి, వాకిట్లో వెంటబడి, బూచోడొస్తాడని భయపెట్టి, కొన్ని ఇళ్లలో ముక్కు మూసి మరీ పెడతారు. ముక్కు మూసే పని నేను అసలు సహించను. పొలమారితే ప్రాణం మీదికి వస్తుంది. అంతదాకా రాకున్నా, పళ్లెం కనబడగానే ఏడుపు అలవాటవుతుంది. ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దల ఇష్టం. ఎంత తినాలన్నది బిడ్డ కడుపుకే తెలుసు.

అంగన్‌వాడీ కేంద్రంలో మేం చేసేది చాలా మామూలు పని. పిల్లలను వరసగా కూర్చోబెడతాం. ఆయమ్మ కొంచెమే వడ్డిస్తుంది, కావాలంటే మళ్లీ పెడుతుంది. ఎవరి చేత్తో వాళ్లే తింటారు. మీద పోసుకున్నా ఏమీ అనం. మూడేళ్ల పాప ఒకతి కోడిగుడ్డులో తెల్లసొన మాత్రమే తిని పచ్చసొన వదిలేసేది. ఎవరం బలవంతం చేయలేదు, వడ్డించడమూ మానలేదు. పక్క పిల్ల పచ్చసొన చిదిమి పప్పన్నంలో కలుపుకోవడం రోజూ చూసేది. ఒకనాడు తనూ కలుపుకుంది. కొత్త రుచి నోటికి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు పట్టొచ్చని పరిశోధకులు చెబుతారు. ఇళ్లలో రెండు మూడుసార్లకే "మావాడికి పడదు" అని తేల్చేస్తారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు తినిపించే తీరుపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలన్నదే కాక, బిడ్డ ఆకలిని ఎలా కనిపెట్టాలో, ఎలా మాట్లాడుతూ ఆడిస్తూ తినిపించాలో కొన్ని ఊళ్ల తల్లులకు నేర్పారు. అక్కడి పిల్లలు మానసిక ఎదుగుదల పరీక్షల్లో ముందున్నారు. తల్లులకు ఇది చెప్పేటప్పుడు నాకెంతో ధైర్యంగా ఉంటుంది.

ఇంటికి నేను చెప్పి పంపేది కొంచెమే. అన్నానికి ముందు రెండు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు. అరగంటలో తినకపోతే తిట్టకుండా పళ్లెం తీసేయండి, మళ్లీ వేళకు పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు కష్టమే. బిడ్డ ఏడుపుకు నానమ్మ కరిగిపోతుంది. అందుకే నానమ్మలనూ భోజనం వేళకు పిలుస్తాను. ఈ మధ్య ఒకామె మనవణ్ని కిటికీలోంచి చూసి, "గిదేంది టీచరమ్మా, ఇంట్ల గిట్ల తినడు" అంది.

"ఇంట్ల ఒక్కడే కూసుంటడు గదా అవ్వా. రేపటి సంది మీరు గూడ పళ్లెం పెట్టుకొని పక్కన కూసోండ్రి."

సరేనంది. చిప్స్ ప్యాకెట్లు కొనిచ్చేది తాతట. వచ్చే ఆరోగ్య పోషకాహార దినానికి ఆయన్నీ వెంటబెట్టుకు రమ్మన్నాను.