ప్రెప్ బ్యాచ్

నేను ఐఐటీలో చేరింది అందరూ వెళ్లే దారిన కాదు. ప్రిపరేటరీ కోర్సు అని ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల సీట్లు మిగిలినప్పుడు, అర్హత మార్కులకు కిందే ఆగిపోయిన వాళ్లతో వేరే జాబితా వేస్తారు. ఏడాదిపాటు క్యాంపస్‌లోనే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ చెప్తారు. పాసైతే మళ్లీ జేఈఈ రాయకుండానే బీటెక్ మొదటి సంవత్సరంలో చేరొచ్చు. తప్పితే ఇంటికే. 2023 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో 360 మార్కులకు జనరల్ జాబితా కటాఫ్ 86, ఎస్సీ, ఎస్టీలకు 43, ప్రిపరేటరీ జాబితాకు 21. ఆ 21ని చూసి నవ్వేవాళ్లను చూశాను. నేను రాసింది అంతకు ముందే అయినా, నావీ అలాంటి మార్కులే.

మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక తండా. ఇంట్లో లంబాడీ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఇంటర్‌కి వచ్చేసరికి ఒక్కసారిగా ఇంగ్లిష్. జేఈఈ మెయిన్ తెలుగులో రాసే వీలు 2021లో వచ్చింది. నేను రాసేనాటికి లేదు. అడ్వాన్స్‌డ్ అయితే ఇప్పటికీ ఇంగ్లిష్, హిందీల్లోనే. గురుకులంలో ఐఐటీ కోచింగ్ బ్యాచ్‌కి పరీక్ష పెట్టి తీసుకున్నారు. తెల్లవారుజామునే లేపి రాగిజావ తాగించి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్లు. ఆదివారం ఆదివారం టెస్టు. మెటీరియల్, తిండి, మంచం అన్నీ సర్కారువే. కూలికి వెళ్లకుండా రెండేళ్లు చదువుకోవడం మా తండాలో అంతకుముందు ఏ ఆడపిల్లకూ దొరకలేదు. కోచింగ్ నాకిచ్చిన వాటిలో పెద్దది ఆ తీరికేనని ఇప్పటికీ అనుకుంటాను.

అయినా అడ్వాన్స్‌డ్ పేపరు చూసి చేతులు చల్లబడ్డాయి. ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు. ఫలితాల రోజు ర్యాంకు లేదని ఇంటికి చెప్పి, బాపుతో పత్తి విత్తనాలు పెట్టడానికి చేనుకి వెళ్లాను. మా ఫిజిక్స్ సార్ ఫోన్ చేశారు. "ఫలితం కిందిదాకా చూసినవా బిడ్డా? ప్రిపరేటరీ ర్యాంకు అని ఉంది, దాన్ని వదలకు" అన్నారు. ఆయన కాంట్రాక్టు లెక్చరర్, ఆ నెల జీతం ఆయనకే అందలేదని తర్వాత తెలిసింది. కార్పొరేట్ కాలేజీలు పేపరు మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలు వేసుకుంటాయి కదా. నా ర్యాంకుకు ఫొటో వేసేవాళ్లెవరూ లేరు కాబట్టి దాని సంగతి సార్ తప్ప చెప్పేవాళ్లూ లేకపోయారు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ఐఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌కు కులధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. నా దగ్గరున్నది రాష్ట్ర నమూనా. ఆఫీసులో అడిగితే ఒకాయన "రెండూ ఒకటే, పో" అన్నాడు. మర్నాడు సంతకం పెట్టేవారు మీటింగుకు పోయారన్నారు. ఆ మర్నాడు సర్వర్ పనిచేయట్లేదన్నారు. గడువు దగ్గరపడుతుంటే సార్ సెలవు పెట్టి వచ్చి, నమూనా ప్రింటు తీసి అధికారి బల్ల మీద పెడితే గానీ పని కాలేదు. ఆ తర్వాత సీటు ఖరారుకు కట్టాల్సిన డబ్బు. మాకు తగ్గింపు ఉన్నా వానాకాలం మొదట్లో పత్తి రైతు చేతిలో పైసా ఉండదు. యాడి, అంటే మా అమ్మ, తన వెండి కడియాలు కుదువ పెట్టింది. సేటు ఇచ్చినవి చాలకపోతే తండాలో తలా కొంత వేశారు. ఆన్‌లైన్‌లో కట్టడానికి మా ఎవరి ఖాతాకూ ఆ సౌకర్యం లేదు. చివరికి కట్టింది కూడా సారే.

2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత కూలీ కొడుకు 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు సెప్టెంబర్ 30న ఆ సీటు తిరిగి ఇప్పించింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను ఢిల్లీ దాకా పోగలిగాడు. పోలేక పత్తి చేనుకి వెళ్లిపోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు?

ఇక నా ప్రిపరేటరీ ఏడాది. హాస్టల్‌లో మమ్మల్ని 'ప్రెప్ బ్యాచ్' అనేవాళ్లు, కొందరు వెటకారంగానే. జార్ఖండ్ సంతాల్ అబ్బాయి, మిజోరం అమ్మాయి, చూపు లేని ఒక తమిళ కుర్రాడు, నేను ఒకే బల్ల చుట్టూ చదివేవాళ్లం. మొదటి టెస్టులో నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు యాడికి చెప్పలేదు. తండాలో గుట్టెక్కితేనే సిగ్నల్. ఆమె అంత దూరం ఎక్కి వచ్చి "తిన్నావా" అని అడిగితే తిన్నాననేదాన్ని. జొన్నరొట్టె కోసం ఏడ్చిన రాత్రులున్నాయి. లెక్కల ప్రొఫెసర్ మాత్రం మమ్మల్ని వదల్లేదు. తప్పు చేస్తే బోర్డు దగ్గరికి పిలిచి, ఎక్కడ తప్పామో మా చేతనే వెతికించేవారు. ల్యాబ్‌లో పరికరాలు ముట్టుకోవడం నాకు అదే మొదలు. మా బడిలో అవి బీరువాలోనే ఉండేవి. రెండో సెమిస్టర్ చివర మాలో ఇద్దరు తప్పారు, వాళ్ల సామాను నేనే స్టేషన్‌దాకా మోశాను. ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్లే. ఒకడి తండ్రి అప్పటికే మంచాన పడ్డాడు, నెలకో వారం ఇంటికెళ్లి వచ్చేవాడు.

నేను పాసయ్యాను. 2016లో ఐఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలు చేసినప్పుడు ఎస్సీ, ఎస్టీలకు దాన్ని పూర్తిగా మాఫీ చేశారు, లేకపోతే నా చదువు అక్కడితో ఆగేది. మెస్ బిల్లు, డిపాజిట్లు మాఫీ కావు. వాటికి స్కాలర్‌షిప్ వచ్చేసరికి సెమిస్టర్ అయిపోయేది. బీటెక్ గొప్ప మార్కులతో కాదు గానీ పూర్తి చేశాను, ఉద్యోగం చేస్తున్నాను. యాడి కడియాలు విడిపించాం.

పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు కేంద్ర నమూనా కులపత్రం చలికాలంలోనే తీసిపెట్టుకోండి. ఫలితం వచ్చాక చివరి వరుసదాకా చదవండి. ప్రిపరేటరీ ర్యాంకు కనబడితే ఫెయిలని దారి మార్చకండి, జోసాలో ఆప్షన్లు పెట్టండి. గురుకులాల్లో కోచింగ్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం: ఫలితాల రోజుతో మీ పని అయిపోదు. ఆ పిల్లలు క్యాంపస్ గేటు దాటేదాకా వాళ్ల ఫోన్ ఎత్తండి.