అడిగితే చెప్పేదాన్ని

సంపాదకులవారు ఈసారి నన్ను వదలలేదు. “ఆవకాయ మీద, అమ్మమ్మగారి ఊరి మీద మనకు చాలా వచ్చాయండీ. మీరు మనసు పెట్టి చూచినదో, చదివినదో ఏదైనా ఒకటి వ్రాయండి” అన్నారు. సరేనని ఒప్పుకున్నాను గాని, ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఈ కొద్ది సంవత్సరాల్లో నేను నిజంగా మనసు పెట్టి చూచినది ఒక జపాను కార్టూను ఒక్కటే. యాభై దాటిన ఇల్లాలు కార్టూను గురించి వ్రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫరవాలేదు. దాని మూలంగా మా ఇంట్లో అయిదేళ్ళు మూతపడి ఉన్న ఒక మాట బయటపడింది. అందుకే వ్రాస్తున్నాను.

మంత్రాల పిల్లల కథలు జపానువారికి కొత్త కాదు. 1966 లోనే ‘సాలీ’ అనే మంత్రాల పిల్ల వాళ్ళ టెలివిజన్‌లో కనబడింది. 1992 లో ‘సేలర్ మూన్’ వచ్చింది. దాన్ని 1995 లో ఇక్కడ జెడ్.డి.ఎఫ్. వారు చూపించారు, ఆ తరువాత ఆర్.టి.ఎల్. టూ వారు చూపించారు. ఆ రోజుల్లో జర్మనీలో పెరిగిన మన ఆడపిల్లలకు గుర్తుండే ఉంటుంది. ఈ కథల కట్టు దాదాపు ఒకటే. బడికి వెళ్ళే ఒక మామూలు పిల్లకు మాట్లాడే పిల్లో, మరొకటో ఎదురవుతుంది. శక్తి వస్తుంది, దానితోపాటు రిబ్బన్ల గౌను వస్తుంది. చెడ్డవాళ్ళను ఓడించి, ఆ పిల్ల చీకటి పడేలోగా ఇల్లు చేరుతుంది.

నేను చూచినది ఆ కట్టును తలకిందులు చేసిన చిత్రం. పేరు ‘పువెల్లా మాగి మడోకా మాగికా’. షాఫ్ట్ అనే స్టూడియో వారు తీశారు. కథ వ్రాసినవారు గెన్ ఉరోబుచి, దర్శకులు అకియుకి షింబో. మొత్తం 12 భాగాలు. 2011 జనవరిలో జపానులో మొదలై, మార్చి 11 న వచ్చిన భూకంపం, ఉప్పెనల కారణంగా మధ్యలో ఆగి, చివరి రెండు భాగాలు ఏప్రిల్‌లో వచ్చాయి. ఇక ముందు కథంతా చెప్పేస్తున్నాను. చూడదలచినవారు ఈ పేజీ మడిచి పెట్టి, చూచిన తరువాత చదువుకోవచ్చు.

అది 2021 జనవరి. కరోనా మూలంగా బళ్ళు మూసేశారు. మావారు పడకగదిలో ఆఫీసు పెట్టారు, మా అబ్బాయి వంటింటి బల్ల మీద బడి పెట్టాడు. పదిహేడేళ్ళ మా అమ్మాయి తన గదిలోంచి భోజనానికి తప్ప బయటకు వచ్చేది కాదు. ఒక రాత్రి నేనే తలుపు తట్టి, “ఏం చూస్తున్నావో నాకూ చూపించవే” అన్నాను. “నీకు నచ్చదమ్మా” అంది. “కార్టూనే గదా” అన్నాను. “ఆనిమే అమ్మా, కార్టూను కాదు” అని సరిదిద్ది, పక్కకు జరిగి చోటిచ్చింది. మాటలు జపానువి, కింద అక్షరాలు జర్మన్‌వి. నాకు అర్థం కానిచోట తాను తెలుగులో చెబుతూ వచ్చింది.

కథలో క్యూబే అని పిల్లిలాంటి తెల్లని జీవం ఒకటి ఉంటుంది. ముద్దుగా ఉంటుంది, గొంతు ఎప్పుడూ హెచ్చించదు. పద్నాలుగేళ్ళ ఆడపిల్లల దగ్గరకు వెళ్ళి, “నీ కోరిక ఒకటి తీరుస్తాను, బదులుగా నువ్వు మంత్రాల పిల్లవై మంత్రగత్తెలతో పోరాడాలి” అని ఒప్పందం అడుగుతుంది. మూడవ భాగంలో అందరికంటె ధైర్యంగా ఉన్న మామి అనే పిల్ల పోరాటంలో చచ్చిపోతుంది. నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మాయి కదలలేదు.

తరువాత ఒక్కొక్కటే తెలుస్తుంది. ఒప్పందం అయిన క్షణంలోనే పిల్ల ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి చిన్న మణిలో పెట్టేస్తారట. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణాన్ని చిలకలో దాచుకున్నాడు. అది వాడు కావాలని చేసుకున్న ఏర్పాటు. ఈ పిల్లలకు తమ ప్రాణం తమ ఒంట్లో లేదన్న సంగతే చెప్పలేదు. దుఃఖం పెరిగినకొద్దీ ఆ మణి నల్లబడుతుంది. పూర్తిగా నల్లబడిన రోజున ఆ పిల్లే మంత్రగత్తె అవుతుంది. అంటే ఇన్నాళ్ళూ వీళ్ళు చంపుతున్నది తమవంటి పిల్లలనే. ఆ పిల్లల నిరాశలోంచి పుట్టే శక్తిని పోగు చేసుకోవడమే క్యూబే ఉద్యోగం. ముందే ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదంటుంది. అది అబద్ధం ఆడదు. అడగనిది చెప్పదు, అంతే.

1951 లో వచ్చిన ‘పాతాళ భైరవి’ జ్ఞాపకం వచ్చింది నాకు. నేపాళ మాంత్రికుడు తోటరాముడికి సంపదలు ఆశ చూపి తీసుకుపోతాడు, బలి సంగతి మాత్రం చెప్పడు. శాపం తీరిన మొసలి హెచ్చరించబట్టి రాముడు బతికి బయటపడ్డాడు. ఈ చిత్రంలోనూ హోమురా అనే పిల్ల కాలాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి, తన స్నేహితురాలు మడోకాను హెచ్చరిస్తూనే ఉంటుంది. కాని ఇక్కడ కోరిక కోరేవాళ్ళు వీరులు కారు, పిల్లలు. వాళ్ళ కోరికలు ఎక్కువగా తమ కోసం కూడా కావు.

ఇందులో జర్మన్ ఎక్కడ చూచినా ఉంది. మంత్రగత్తెలకు గెర్‌ట్రూడ్, షార్లోటె అని ఇక్కడి పేర్లు. అందరికంటె పెద్ద మంత్రగత్తె పేరు వాల్పుర్గిస్‌నాఖ్ట్. గోయ్‌తె ‘ఫౌస్ట్’లో మంత్రగత్తెలు కొండ మీద కూడే రాత్రి పేరు అది. వాళ్ళ చిక్కుదారుల గోడల మీద ఆ నాటకంలోని మాటలే వ్రాసి ఉన్నాయని మా అమ్మాయి ఆపి చూపించింది. నేనన్నాను, “ఫౌస్ట్ కనీసం చదువుకున్న పెద్దమనిషి. దేనిమీద సంతకం పెడుతున్నాడో తెలిసి పెట్టాడు.” తానంది, “ఫౌస్ట్‌ను చివరికి దేవతలు కాపాడుకున్నారమ్మా. ప్రాణం పోయింది గ్రెట్‌హెన్‌ది.” ఆ సంగతి నేనెప్పుడూ ఆ వైపునుంచి చూడలేదు. మడోకా గనక మంత్రగత్తె అయితే ఆమెకు పెట్టిన పేరులో కూడా గ్రెట్‌హెన్ ఉంది.

ఇక నేను చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. ఆ పిల్లల్లో సయాకా అని ఒకతె. వయొలిన్ వాయించే కుర్రవాడికి చెయ్యి పడిపోతే, అది బాగుపడాలని కోరుకొని ఒప్పందం చేసుకుంటుంది. వాడికి చెయ్యి వచ్చింది. వాడు మరో అమ్మాయి వాడయ్యాడు. సయాకా “నాకేం విచారం లేదు” అంటూనే ఉంటుంది. ఒంట్లో ప్రాణం లేదు గనక నొప్పి తెలియకుండా చేసుకునే విద్య నేర్చుకొని, దెబ్బలు తగులుతుంటే నవ్వుతూ పోరాడుతుంది. నేను చూడలేక, “ఆపవే తల్లీ, నొప్పి తెలియకుండా ఎట్లా ఉంటుంది?” అన్నాను.

“ఉంటుందమ్మా. అలవాటైపోతుంది” అంది, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

“నీకెట్లా తెలుసు?”

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది.

2016 మార్చిలో నా మెడ దగ్గర గడ్డ కనబడింది. పరీక్షలు చేసి, ఫలితం చెప్పడానికి డాక్టరుగారు పిలిచిన రోజున మావారు ఆఫీసు పనిమీద వేరే దేశంలో ఉన్నారు. అప్పటికి నా జర్మన్ కూరగాయల దుకాణం దాటలేదు. పన్నెండేళ్ళ మా అమ్మాయిని బడి మాన్పించి వెంట తీసుకువెళ్ళాను. డాక్టరుగారు పిల్లను చూచి తటపటాయించారు. పెద్దవాళ్ళెవరైనా వస్తారా అని అడిగారు. నేనే నవ్వుతూ, “ఫరవాలేదు, మా అమ్మాయికి అన్నీ తెలుసు” అన్నాను. ఆ వాక్యాన్ని కూడా జర్మన్‌లోకి మార్చి చెప్పింది తానే.

అది నాకు తెలుగులో చెప్పినది ఇది: “గడ్డ ఉందంటమ్మా. ఆపరేషన్ చేసి తీసేస్తారంట. తరువాత రోజూ ఒక మాత్ర వేసుకోవాలంట.” అన్నీ నిజాలే. డాక్టరుగారు అన్న ఒక్క మాట మాత్రం వదిలేసింది. బ్యోజార్టిష్. ఆ మాటలో ఉన్న బ్యోస్ అంటే చెడ్డ అని దానికి చిన్నప్పటి కథల పుస్తకాల్లోంచి తెలుసు. గడ్డ చెడ్డదంటే ఏమిటో ఆ సాయంత్రం నిఘంటువులో చూచుకుందట.

మావారు మూడు రోజులకు తిరిగివచ్చి, ఆసుపత్రి ఉత్తరం చదివి నాకు చెప్పారు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో కేన్సరు అన్న మాట తెలిసినది పన్నెండేళ్ళ పిల్ల ఒక్కతికే. నేనా, గండం గడిచిందని పులిహోర కలిపాను. లెక్కలు చేస్తూ కిటికీలోకి చూస్తున్నావేమని దాన్ని కోప్పడ్డాను కూడా.

ఆపరేషన్ బాగా జరిగింది. నేను బాగున్నాను. ఆ తరువాత మన కూటాల్లో ఎంతమంది అన్నారు, “మీ అమ్మాయి బంగారమండీ” అని! నేనూ పొంగిపోయాను. ఫారాలు నింపేది అదే. తమ్ముడి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నా వెంట వచ్చేది అదే. తరగతివాళ్ళంతా విహారానికి వెళితే, “నాకే వెళ్ళాలని లేదమ్మా” అని ఇంట్లో ఉండిపోయింది. అదీ బుద్ధి అనుకున్నాం.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే నాతో?” అన్నాను ఆ రాత్రి.

“నువ్వు అడగలేదు గదమ్మా. అడిగితే చెప్పేదాన్ని” అంది.

ఆ సమాధానం అంతకుముందే విన్నాను, ఆ తెల్లని జీవం నోట. కాని ఇక్కడ ఆ జీవం స్థానంలో ఉన్నది మా అమ్మాయి కాదు. ఒప్పందం వ్రాయించుకున్నది నేను. ఏం ఇస్తున్నావో చెప్పలేదు, ఏం కావాలో అడగలేదు. గట్టిగా ఒక మాట అనలేదు, బంగారమని మాత్రం మెచ్చుకున్నాను. అది ఇచ్చినదాంతో ఇల్లు నడుపుకున్నాను.

మర్నాడు ఇద్దరం ఒబరర్ జే చుట్టూ నడిచాం. మన ఊరి నడిబొడ్డునే రెండు చెరువులున్నాయి గదా, అందులో పైది. గట్టు మీద నడుస్తుంటే మా అనంతపురం గుర్తుకు వచ్చి, దానికి ముసలమ్మ కథ చెప్పాను. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగిపోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితే నిలుస్తుందని దైవవాక్కు వినబడిందట. ఆమె ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు పుచ్చుకొని గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్నే ‘ముసలమ్మ మరణము’గా వ్రాశారు. ఇప్పటికీ ఆ కట్ట మీద ఆమెను కొలుస్తారు. మా అవ్వ ఈ కథ చెబుతూ ప్రతిసారీ కళ్ళు తుడుచుకొని, “ఎంత మంచి కోడలో!” అనేది. నేనూ అదే స్వరంతో చెప్పాను.

మా అమ్మాయి విని, “ఆమె వెళ్ళను అంటే ఏమయ్యేదమ్మా?” అంది. మా అవ్వను నేను ఎన్నడూ అడగని ప్రశ్న అది. నా దగ్గర జవాబు లేదు. నీళ్ళకేసి చూస్తూ నడిచాం.

చివరి రెండు భాగాలు ఆ రాత్రి చూచాం. గాలివానకు ఊరంతా శిబిరంలో తలదాచుకున్నప్పుడు మడోకా బయటకు వెళ్ళబోతుంటే తల్లి ఆపుతుంది, చెంపమీద కొడుతుంది. పిల్ల తల్లి కళ్ళలోకి చూచి, తాను మంచి పిల్లగానే పెరిగానని, తనను నమ్మమని అడుగుతుంది. తల్లి నమ్మి, వీపు తట్టి పంపుతుంది. మడోకా అన్ని కాలాల్లోనూ ఏ పిల్లా మంత్రగత్తె కాకుండా చూడాలని కోరుకుంటుంది. ఆ కోరికకు వెలగా తాను లోకంలోంచే తుడుచుకుపోతుంది, పుట్టనే లేదన్నట్టు. చివర ఆ తల్లి ఏటి ఒడ్డున కూర్చుని ఉంటుంది. చిన్న కొడుకు నేల మీద ఒక పిల్ల బొమ్మ గీస్తుంటాడు. మడోకా అన్న పేరు ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది ఆమెకు, అంతే. కూతురు ఏమి ఇచ్చిందో ఆ తల్లికి ఎప్పటికీ తెలియదు. అక్కడ నేను ఏడ్చాను. నాకు ఒక రాత్రి ముందు తెలిసింది గదా అనుకున్నాను.

ఆ ఏడాదే నేను ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో సాయంకాలం తరగతులకు చేరాను. డెర్, డీ, డాస్ ఇప్పటికీ తప్పులే. ఐనా ఇప్పుడు డాక్టరు దగ్గరకు నేనే వెళుతున్నాను. కొత్తగా వచ్చినవారు ఎవరైనా పిలిస్తే వాళ్ళ వెంటా వెళుతున్నాను. మన కూటంలో తలా ఒక పూట అనుకుంటే ఏ పిల్లనూ ఆ కుర్చీలో కూర్చోబెట్టనక్కర లేదు. కార్యదర్శిగారి దగ్గర నా పేరు వ్రాయించాను, మీరూ వ్రాయించండి.

మా అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. చాలా నెలలు “బాగున్నానమ్మా, నువ్వెలా ఉన్నావు” అనేది. నేను రెండోసారి, మూడోసారి అడిగేదాన్ని. పోయిన ఆదివారం మొదటిసారి అడగగానే, “ఇవాళ ఏమీ బాగాలేదమ్మా” అంది. కుర్చీ లాక్కుని కూర్చుని, “చెప్పు” అన్నాను.