ఆ గీత ఎందుకు గీశారు?

గోదావరి డెల్టా కింది గ్యాసు గురించి రాయమని సంపాదకుడు అడిగితే రాజమహేంద్రవరం ఆఫీసుల చుట్టూ తిరగాలనుకున్నాను. మా బావగారు మాత్రం "ముందు కోరుకొండ వెళ్ళు, అక్కడొక పెద్దాయన ఉన్నారు" అన్నారు. చమురు సంస్థలో సైస్మిక్ పటాలు చదువుతూ ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరైన మనిషాయన. నరసింహస్వామి కొండ కనిపించే వీధిలో ఇల్లు. నేను వెళ్ళేసరికి అరుగు మీద డ్రాయింగు షీటు పరిచి ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు గీసి చూపిస్తున్నారు. సర్వే డేటా సంస్థ సొత్తు కనుక ఒక్క కాగితమూ ఇంటికి తెచ్చుకోలేదు. గీసేదంతా జ్ఞాపకంలోంచే.

ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ముందు నల్ల పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి సన్నని వంకర గీతలు. నేలలో బోరు వేసి చిన్న పేలుడు జరిపితే, ఆ కంపనం లోపలి పొరల్ని తాకి వెనక్కి వస్తుంది. పైన గుచ్చిన జియోఫోన్లు దాన్ని అందుకుంటాయి. వెళ్ళి రావడానికి పట్టిన సమయమే కాగితం మీద లోతుకు కొలత. ఆయన ఒక పొరను పసుపు పెన్సిలుతో పట్టుకుని ఎడమ నుంచి కుడికి నడిపిస్తూ ఒకచోట ఆగారు. పొర అక్కడ తెగింది. మిగతా ముక్క బాగా కిందికి దిగి మళ్ళీ మొదలైంది. పైనా కిందా ఉన్న పొరలు కూడా అదే వాలులో తెగాయో లేదో వేలితో తడిమి చూసుకున్నాకే ఎర్ర పెన్సిలు తీశారు. భ్రంశం అంటే అదే. వాళ్ళు ఫాల్ట్ అంటారు.

"గీయడం నిమిషం పనర్రా. తొందరపడి గీయకుండా ఉండటమే నేర్చుకోవాలి" అన్నారు పిల్లలతో. రికార్డింగులో లోపం వల్ల కూడా పొర తెగినట్టు కనిపించవచ్చు. అందుకే అడ్డంగా సాగే మరో సర్వే లైనుతో సరిచూడాలి. ఆ ఫాల్ట్‌ను దాటిన బావి ఉంటే అందులో కొంత మందం పొర కనబడకుండా పోతుంది. ఆ పోయిన మందాన్ని బట్టి నేల ఎంత జారిందో చెప్పవచ్చు.

ఆయన ఇంటి ఎదుట కొండది తూర్పు కనుమల రాయి. ఆ పురాతన శిలే సముద్రం వైపు మెట్లు మెట్లుగా జారి, నరసాపురం వైపు కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పటి చీలికలవి. వాటి మధ్య నేల లోపల ఎత్తుగా నిలిచిన గట్లకూ, కుంగిన పల్లాలకూ భూవిజ్ఞానులు తణుకు గట్టు, మండపేట పల్లం, గుడివాడ పల్లం అంటూ మన ఊళ్ళ పేర్లే పెట్టారు. తీరానికి దగ్గర్లో మత్స్యపురి–పాలకొల్లు ఫాల్ట్‌ది వేరే తీరు. నదులు తెచ్చి పోసిన ఒండ్రు బరువుకు నేల జారుతూ పోయింది, జారిన వైపు మరింత ఒండ్రు చేరుతూ వచ్చింది. అందుకే ఒకే కాలపు పొరలు ఆ వైపు ఎక్కువ మందంగా ఉంటాయి. ఫాల్ట్ దగ్గర గ్యాసున్న ఇసుకరాయికి ఎదురుగా బంకమట్టి రాయి వచ్చి ఆనితే గ్యాసు నిలుస్తుంది. మరో ఇసుకరాయి వచ్చి ఆనితే దాటిపోవచ్చు. ఫాల్ట్ గీత కొద్దిగా పక్కకు జరిగినా బావి వట్టిపోయే ప్రమాదముంది.

ఇంతలో పాలు పోయడానికొచ్చిన ఒక నడివయసు మనిషి షీటు వైపు చూసి ఆగాడు. కుర్రతనంలో సర్వే వాళ్ళ దగ్గర కూలికి వెళ్ళాడట. "పొలాల్లో వైర్లు లాగాం, మేకులు గుచ్చాం, గట్లు తొక్కాం. కింద ఏం కనిపించిందో ఒక్కరూ చెప్పలేదండి" అన్నాడు. పెద్దాయన తల దించుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి మనుషులు పోయారు. తమ నేల కింద ఏముందో కోనసీమ వాళ్ళు మంటను చూసి తెలుసుకోవలసి వచ్చింది.

పెద్దాయనకూ ఒక బాధ ఉంది. కంప్యూటర్ల మీద ఆయనకు కినుకేమీ లేదు. త్రీడీ సర్వేలో తన కంటికి అందని పగుళ్ళు కూడా దొరుకుతాయని సంతోషంగానే చెప్పారు. "గీతలు భద్రంగానే ఉంటాయండి. ఆ గీత అక్కడే ఎందుకు గీశాం, పక్కన ఎందుకు గీయలేదు అన్నది మా బుర్రల్లో ఉండిపోయింది. మేం ఒక్కొక్కరం వెళ్ళిపోతున్నాం" అన్నారు.

ఆ ఇద్దరి మాటల్లోనూ నాకు ఒకే నష్టం కనిపించింది. కారణం రాసి పెట్టకపోతే తర్వాత వచ్చేవాడు పాత గీతను నమ్మనూ లేడు, సరిదిద్దనూ లేడు. ఫలితం చెప్పకపోతే పొలం ఇచ్చినవాడు ప్రశ్న అడగనూ లేడు. చమురు, గ్యాసు సర్వేల సమాచారానికి నోయిడాలో 2017లో జాతీయ భాండాగారం పెట్టారు. మంచి పనే, కానీ అది కంపెనీలకు, నిపుణులకు పనికొచ్చేది. బావుల రహస్యాలు అడగడం లేదు నేను. ఈ గట్లూ పల్లాలూ ఎక్కడున్నాయో, వాటిని ఎలా గుర్తించారో చెప్పే పటం తెలుగులో వేసి మండపేట నుంచి నరసాపురం దాకా ప్రతి కాలేజీ గోడకూ, ప్రతి పంచాయతీకీ ఇవ్వాలి. రిటైరైన ఇలాంటి పెద్దల్ని పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి, ఒక్కో గీత వెనక కారణం చెప్పించుకుని రాసుకోవాలి. ఆ పని వాళ్ళు ఉండగానే జరగాలి.