చేతికి తగ్గ పిడి

ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నాను. నా కలం కింద ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో, ఎన్ని ప్రాణాలు పోయాయో నాకే లెక్క తెలీదు. కథ కదలనని మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరి చేతికి రివాల్వరు ఇవ్వడం నాకలవాటు. ఇచ్చాక అదే నడుస్తుంది. బి.ఏ.లో సాహిత్యం చదువుకున్నదాన్ని, రివాల్వరు సంగతి నాకేం తెలుసు చెప్పండి? సినిమాల్లో చూసిందే.

కిందటేడు ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పోలీసుశాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి. "అమ్మా, మీ నవల ఆసాంతం చదివాను. కన్నీళ్ళు పెట్టుకున్నాను. కాని మీ నాయకుడు ఆరు గుళ్ళ రివాల్వరుతో తొమ్మిదిసార్లు కాల్చాడు. పైగా సేఫ్టీ క్యాచ్ తీసి మరీ కాల్చాడు. రివాల్వర్లకి మామూలుగా అది ఉండదు. మిగతా మూడు గుళ్ళూ ఎక్కణ్ణుంచి వచ్చాయో వచ్చే ముద్రణలోనైనా తెలియజేయగలరు" అని.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మావారు మాత్రం ఆ ఉత్తరాన్ని నెలరోజులపాటు వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించారు.

ఆ పౌరుషంతోనే హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక షూటింగ్ రేంజికి వెళ్ళాను. గంటసేపు చూసి, నాలుగు ముక్కలు రాసుకుని వచ్చేద్దామని నా ఉద్దేశం. అక్కడి మాస్టారికి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. "చూస్తే ఏం తెలుస్తుంది మేడమ్, పట్టుకోండి" అన్నాడు. పట్టుకోనిచ్చే ముందు మూడు సూత్రాలు నాచేత వల్లె వేయించాడు. ఖాళీగా ఉన్నా సరే, నిండుగా ఉన్నట్టే చూడాలి. గొట్టం మూతి ఎప్పుడూ గురివైపే ఉండాలి. కాల్చబోయే క్షణందాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా అప్పజెప్పలేదు నేను.

నా చేతికిచ్చింది ఎయిర్ పిస్తోలు. మందూ మంటా లేవు, గాలితో పేలుతుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు. గురి పది మీటర్ల దూరంలో ఉంటుంది. అందులో పది మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ అంత. దాన్ని ఒంటి చేత్తో, ఏ ఆధారమూ లేకుండా నిలబడి కొట్టాలి. పోటీల్లో అయితే అరవైసార్లు కొట్టాలి.

చెయ్యి చాచాను. పిస్తోలు చివరనున్న చిన్న సైటు కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ నాట్యం చెయ్యడం మొదలెట్టింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా అమ్మకి ఆఖరి ఏళ్ళలో చెయ్యి వణికేది. కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోంచి పళ్ళెంలోకి వచ్చేలోగా సగం నేలపాలయ్యేది. ముగ్గు పెట్టడం మానేసింది, తర్వాత సంతకం మానేసింది, ఆ తర్వాత నలుగురిలో భోజనానికి కూర్చోవడం మానేసింది. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి రాసుకుంటూ ఉంటే నా కలం వణికింది. డాక్టరు చూసి, "ఏమీ లేదు, కాఫీ తగ్గించండి, నిద్రపొండి" అన్నాడు. నేను నమ్మలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. ఎవరింటికైనా వెళ్తే కాఫీ వద్దనేదాన్ని. ఆరోగ్యసూత్రం అనుకునేవారు వాళ్ళు.

అంచేత ఆ సైటు ఊగుతుంటే, దొంగతనం బయటపడ్డ పిల్లలా నిలబడిపోయాను. పిస్తోలు బల్లమీద పెట్టేసి, "నా చెయ్యి వణుకుతుంది మాస్టారూ, ఇది నావల్ల కాదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అందరికీ ఊగుతుంది మేడమ్. ఒలింపిక్స్‌లో కొట్టేవాళ్ళకీ ఊగుతుంది. మనిషి చెయ్యి కదా, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఊగకుండా ఆపాలని చూస్తే ఇంకా ఊగుతుంది. సరిగ్గా మధ్యకొచ్చిన క్షణంలో లాగేద్దామనుకుంటే గురి తప్పుతుంది. దాన్ని ఊగనివ్వండి. మీరు మెల్లిగా ట్రిగ్గర్ నొక్కుతూ పొండి" అన్నాడు.

మరో చిత్రం విన్నారా? చూపు గురిమీద ఉండకూడదట. ముందు సైటు మీద ఉండాలట. గురి మసగ్గానే ఉండిపోవాలి. చత్వారం వచ్చిన కళ్ళకి దగ్గరిది మసక, ఈ ఆటకేమో దూరానిది మసక కావాలి. అందుకోసం ఇంకో కళ్ళజోడు చేయించుకోవలసి వచ్చింది లెండి.

ఆరోజు పదిసార్లు కాల్చాను. నాలుగు గుళ్ళు కాగితాన్ని తాకనైనా తాకలేదు. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత నిండు గ్లాసుతో కాఫీ తాగాను.

నాలుగు నెలలు రేంజి వాళ్ళ పిస్తోలుతోనే నేర్చుకున్నాను. అది ఊరుమ్మడి చెప్పుల జత లాంటిది. పొద్దున ఒక పోలీసాయన, మధ్యాహ్నం ఒక ఎనిమిదో తరగతి పిల్ల, సాయంత్రం నేను. ప్రతివాళ్ళూ సైటు తిప్పుకునేవాళ్ళే. దాంతో నాకంటూ ఒకటి ఉండాలనిపించింది. అసలు కథ అక్కడ మొదలైంది.

పట్టుచీర ఎంచడం వచ్చు, వంకాయ ఎంచడం వచ్చు, ఆడపడుచుకి సంబంధం కూడా ఎంచాను. పిస్తోలు ఎలా ఎంచుతారు? స్ప్రింగుతో పనిచేసేవి చవక, కాని పేలినప్పుడల్లా చేతిని కుదిపేస్తాయి. మీట లాగి గాలి నొక్కుకునేవి బాగానే ఉంటాయి, కాని అరవైసార్లు లాగేసరికి గారెలపిండి రుబ్బినట్టు భుజం పడిపోతుంది. మూడోరకానికి గొట్టం కింద చిన్న సిలిండరు ఉంటుంది. అందులో రెండువందల బార్ల దాకా గాలి నింపుతారు. మన కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. ఒలింపిక్స్‌లో వాడేవి ఈ రకమే. ఆస్ట్రియా స్టెయిర్, స్విట్జర్లాండు మోరినీ, జర్మనీ వాల్తర్, ఇటలీ పార్దినీ. కొత్తది లక్షన్నర పైమాటే.

"పేరు చూసి కొనకండి మేడమ్" అన్నాడు మాస్టారు. "బరువు పదిహేను వందల గ్రాములు దాటకూడదని నియమం. మీకు కిలో లోపుదే మేలు. ట్రిగ్గర్ కనీసం అయిదువందల గ్రాముల బరువు మొయ్యాలి, ఏ కంపెనీదైనా అంతే. ఇక మిగిలింది పిడి. అది మీ చేతిలో ఇమిడిందా లేదా అన్నదే అసలు విషయం." కళ్ళు మూసుకుని పిస్తోలు ఎత్తమన్నాడు. ఎత్తి కళ్ళు తెరిస్తే సైటు దానంతటది గురివైపు ఉండాలిట. పక్కకి ఉంటే ఆ పిడి మనది కాదన్నమాట. ఇంత సులువైన పరీక్ష పెళ్ళిచూపుల్లో ఎవరూ కనిపెట్టలేదేమో!

ఇంట్లో చెప్పాను. మావారు పేపరు పక్కన పెట్టారు. "లైసెన్సో?" అన్నారు. ఇరవై జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఈ చిన్న గుండు ఎయిర్ పిస్తోలుకి అక్కర్లేదనీ, మందుగుండుతో పేలే పాయింట్ టూటూకైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తప్పదనీ చెప్పాను. "దొంగలొస్తే పనికొస్తుందా?" అన్నారు. "ఇది కాగితాన్ని కొట్టేదండీ, మనుషుల్ని కాదు. అలాగని ఆటవస్తువూ కాదు, కన్ను పోగొట్టగలదు. పిస్తోలు ఒక బీరువాలో, గుళ్ళు ఇంకో బీరువాలో తాళం వేసి పెడతాను" అన్నాను. "మరి ఫ్రిజ్ మార్చాలన్నావు?" అన్నారు చివరికి.

ఆ డబ్బు నా సీరియల్ డబ్బే. అయినా నోరు పెగల్లేదు నాకు. ఇన్నేళ్ళూ నా నవలల డబ్బుతో ఫీజులు కట్టాను, మేడమీద గది వేయించాను, ఆడపడుచు కాన్పుకి పంపాను. నా ఒక్కదానికోసం ఏం కొన్నానో గుర్తు చేసుకుంటే పెన్నులు తప్ప తట్టలేదు.

వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తకుండానే, "కొనుక్కోనీరా. నా చిన్నప్పుడు మామిడితోటలో కోతుల్ని రాయితో కొడితే మా నాన్న చెయ్యి విరగ్గొడతానన్నాడు. లేకపోతే నేనూ ఎక్కడో ఉండేదాన్ని" అన్నారు. నేనందుకుని, ఉత్తరప్రదేశ్‌లో జోహ్రీ అనే పల్లెలో చంద్రో తోమర్ అనే ఆవిడ అరవై దాటాక పిస్తోలు పట్టి పతకాలు కొట్టిందనీ, 2021లో పోయిందనీ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో యాభై ఒకటేళ్ళ తుర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్ళజోడుతో, జేబులో చెయ్యి పెట్టుకుని వెండి పతకం కొట్టాడనీ చెప్పాను. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ పదమూడేళ్ళకే 2018లో జాతీయ ఛాంపియన్ అయిన సంగతి మాత్రం దాచాను. వయసు లెక్క నాకు అనుకూలంగా లేదు మరి.

కొత్తది కొనే స్తోమతు లేక వాడినది వెతికాను. మాస్టారే చెప్పాడు, ఒకమ్మాయి అమ్ముతోందని. వాడినదాంట్లో ముందు చూడాల్సింది సిలిండరు మీది తేదీ. చాలా కంపెనీలు పదేళ్ళే గడువు పెడతాయి. తేదీ బాగానే ఉంది. తొంభై వేలకి బేరం కుదిరింది.

ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. నెలక్రితం పెళ్ళయింది. నల్లపెట్టె తెరిచి, పిస్తోలు నా చేతికిచ్చే ముందు గొట్టంలో నారింజరంగు దారం ఉందో లేదో చూసుకుంది. ఖాళీగా ఉందని చెప్పే గుర్తది. అమ్మేస్తున్నా అలవాటు పోలేదు.

పట్టుకున్నాను. పిడి వాల్‌నట్ కర్ర. దానిమీద అక్కడక్కడ ముద్ద పెట్టి, ఆకురాయితో అరగదీసి, ఆ పిల్ల తన అరచేతికి అచ్చుగా దిద్దుకుంది. ప్రతి వేలికీ ఒక పల్లం. నా వేళ్ళు ఒక్కటీ అందులో కూర్చోలేదు.

"ఎన్నాళ్ళు పట్టిందమ్మా ఇలా దిద్దుకోవడానికి?" అన్నాను.

"మూడేళ్ళు ఆంటీ. మీరు అరగదీసేయండి, లేకపోతే వేరే పిడి వేయించుకోండి. రెండు మరలు విప్పితే వచ్చేస్తుంది."

"మరి నువ్వు?"

"అక్కడ రేంజి లేదాంటీ" అంది. ఆ 'అక్కడ' అనేది ఏ ఊరో నేనడగలేదు. వాళ్ళ నాన్న డబ్బు లెక్కపెట్టుకుంటున్నారు.

నాకు నవలల్లో ఇలాంటి చోట నాలుగు పేజీల సంభాషణ రాయడం వచ్చు. ఆరోజు ఒక్క మాటా రాలేదు. మాస్టారిని మరల చీల అడిగి, అక్కడే బల్లమీద ఆ పిడి విప్పించాను. నా పాత జాకెట్టుగుడ్డలో చుట్టి ఆ పిల్ల చేతికిచ్చాను. "పిస్తోళ్ళు దొరుకుతాయమ్మా. ఇది దొరకదు. పెట్టెలో అడుగున పడేసుకో" అన్నాను. తీసుకుంది. థాంక్స్ అనలేదు. గుడ్డ విప్పి ఒకసారి పట్టుకుని చూసుకుంది, అంతే.

చిన్న సైజు కొత్త పిడికి ఇంకో పదకొండు వేలయింది. ఫ్రిజ్ ఈ ఏడు కూడా గుర్రు గుర్రుమంటూ పాతదే నడుస్తోంది. మొన్న అరవై గుళ్ళకి నాలుగువందల పన్నెండు వచ్చాయి, ఆరువందలకి. మాస్టారు పరవాలేదన్నాడు. ఆ రిటైరైన పోలీసు పెద్దమనిషికి ఉత్తరం రాశాను, మూడు గుళ్ళ సంగతి మలిముద్రణలో సరిచేస్తానని.

కొత్త పిడిని రోజూ రాత్రి వంటిల్లు సర్దాక కాస్త కాస్త అరగదీసుకుంటున్నాను. బొటనవేలి దగ్గర ఇంకా కుదరలేదు. చెయ్యి ఊగుతూనే ఉంది. ఊగనిస్తున్నాను.