మావయ్య చెప్పిన కథ

మా ఊరు వినగడప. తిరువూరుకు దగ్గర, కట్టలేరు ఒడ్డున. 1987 సంక్రాంతికి మా మావయ్య తిరువూరు నుంచి అద్దెకు తెచ్చిన వీడియో డెక్కు మీద, నా పదవ ఏట, మొదటిసారి ఇండియానా జోన్స్‌ను చూశాను. అప్పటికి నాకు తెలిసిన సాహసమంతా చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలే. పాతాళదుర్గం, శిథిలాలయం ఇంగ్లీషులో కూడా ఉంటాయని ఆ రాత్రే తెలిసింది.

వాకిట్లో చాపల మీద కూర్చున్న వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు. మావయ్యకు వచ్చునని మా నమ్మకం. ఆయన టీవీ పక్కన నిలబడి ప్రతి మాటకూ అర్థం చెప్పాడు. ఆ బంగారు పెట్టెలో పూర్వం ఒక ఋషి తన కోపాన్ని దాచి తాళం వేశాడట. దుర్మార్గులు దాన్ని తెరిచి కరిగిపోయారు. "పరుల సొమ్ము ఎదురైనప్పుడు కళ్ళు మూసుకున్నవాడే బతుకుతాడు" అని ముగించాడు. పెద్దలు తలలూపారు.

చాలా ఏళ్ళ తరువాత అదే చిత్రాన్ని ఉపశీర్షికలతో చూసినప్పుడు గుట్టు బయటపడింది. ఋషి లేడు, కోపమూ లేదు. ఒక్క మాట కూడా ఆయన అర్థం చేసుకోలేదు. కానీ కథానాయకుడు నాయికతో కళ్ళు మూసుకోమని చెప్పటం మాత్రం నిజమే!

1989లో వచ్చిన మూడవ చిత్రం తరువాత పంతొమ్మిదేళ్ళకు, 2008లో నాలుగవది వచ్చింది. ఒంటరిగా వెళ్ళి చూశాను. ప్రతి మాటా అర్థమైంది. బహుశా అందుకే నచ్చలేదు.

ఐదవది, చివరిది, మన దేశంలో 2023 జూన్ 29న విడుదలైంది. ఆనాడు తొలి ఏకాదశి. హారిసన్ ఫోర్డ్‌కు ఎనభై నిండాయి, మావయ్యకు డెబ్బై నాలుగు. అత్తయ్య పోయి అప్పటికి మూడేళ్ళు. ఆయన్ను బలవంతాన బయలుదేరదీసి విజయవాడ తీసుకువెళ్ళాను. ఉపవాసం కనుక పేలాల పిండి పొట్లం జేబులో దాచి హాల్లోకి తెచ్చాడు.

ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. చెవి దగ్గర నోరు పెట్టి కథ చెప్పబోయాను. "నువ్వు ఊరుకోరా అల్లుడూ, నాకు తెలుస్తూనే ఉంది" అని నా చెయ్యి పక్కకు నెట్టాడు.

ఈ చిత్రంలో వృద్ధుడైన జోన్స్ కాలాన్ని దాటి, 2,200 ఏళ్ళ నాటి సిరక్యూస్ ముట్టడిలో పడతాడు. జీవితమంతా చదువుకున్న చరిత్ర కళ్ళ ఎదుట కనబడగానే, నన్ను ఇక్కడే వదిలెయ్యండని వేడుకుంటాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే కోరుకున్నాను. 1987 నాటి వాకిట్లో నన్ను వదిలేస్తామంటే నేను మాత్రం తిరిగి వస్తానా? వెంట వచ్చిన అమ్మాయి ఒప్పుకోదు. ఒక్క గుద్దు గుద్ది వెనక్కు తెస్తుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు మైలవరం దాటాక మావయ్య అడిగాడు.

"ఆ పిల్ల ఆయన్ను ఎందుకు కొట్టింది?"

ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు కిటికీలోంచి చీకటిలోకి చూశాడు.

"అది కాదురా. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తోందని ఆ పిల్లకు తెలుసు. ఆయనకే తెలియదు."

నాకు మాట రాలేదు. చివరి దృశ్యంలో, విడిపోయిన భార్య కూరగాయల సంచీతో ఇంటికి తిరిగి వస్తుంది. మావయ్య ఈసారి కూడా ఒక్క మాట వినకుండానే కథ మొత్తం చెప్పాడు.

ఊరు చేరేసరికి రాత్రి పది దాటింది. మావయ్య వీధి తలుపు తాళం తీసి, లోపలికి వెళ్ళి దీపం వేశాడు. నేను ఆ రాత్రి మా ఇంటికి పోలేదు. ఆయన పక్కనే చాప వేసుకుని, "ఆ ఋషి కోపం కథ మళ్ళీ చెప్పు మావయ్యా" అన్నాను.

కొంచెం కూడా తడబడకుండా మొదలుపెట్టాడు.